తేనెటీగల ఇంటికి రంగులేద్దాం!

కొత్త ఇల్లు కట్టుకున్నాక గోడలకు రంగులైనా వేయించకుండా గృహప్రవేశం చేస్తామా? చేయం. కానీ తేనెటీగల విషయంలో చాలామంది చేసేది అదే. చిత్రిక పట్టిన పచ్చి చెక్క పెట్టెను తెచ్చి తోటలో పెడతారు. ఈగల్ని అందులోకి దించేస్తారు. తేనె ఎప్పుడొస్తుందా అని రోజులు లెక్కపెడతారు. తేనె కంటే ముందు వాన వస్తుంది. మూలలు ఉబ్బుతాయి. మూత వంకరపోతుంది. సందుల్లోంచి నీళ్లు లోపలికి దిగుతాయి. ఓ రోజు పొద్దున్నే వెళ్లి చూస్తే పెట్టె ఖాళీ! ఈగలు చెప్పాపెట్టకుండా ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయుంటాయి.

తేనెటీగల పెంపకం ఇప్పుడు చాలా కుటుంబాలకు కొత్త ఆదాయ మార్గం. పొద్దుతిరుగుడు చేలలో, కోనసీమ కొబ్బరితోటల్లో, అరకు కాఫీ తోటల్లో... ఎక్కడ పూలుంటే అక్కడ పెట్టెలు పెట్టుకోవచ్చు. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2017లో 'హనీ మిషన్' మొదలుపెట్టి శిక్షణతోపాటు పెట్టెలూ ఇస్తూ వచ్చింది. 2020లో కేంద్ర ప్రభుత్వం జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్‌ను ప్రకటించింది. మిద్దె మీద ఒకటీ రెండూ పెట్టెలు పెట్టుకునే సరదారాయుళ్లూ తక్కువేం కాదు. వీళ్లందరికీ ఈగల గురించి చెప్పేవాళ్లు దొరుకుతారు. పెట్టె గురించి చెప్పేవాళ్లే తక్కువ. నిజానికి ఓ పూట కూర్చుని కుంచె పట్టుకుంటే చాలు, ఆ పెట్టె ఆయుష్షు ఎన్నో ఏళ్లు పెరుగుతుంది. అందులో ఉండే ఈగల సుఖమూ పెరుగుతుంది.

తొర్రలోంచి పెట్టెలోకి...

మన దగ్గర కనిపించే తేనెటీగలన్నీ పెట్టెల్లో ఉండవు. పెద్ద పెద్ద చెట్ల కొమ్మలకీ, కొండ చరియలకీ, ఊళ్లో నీళ్ల ట్యాంకులకీ వేలాడే భారీ పట్టు కొండ తేనెటీగలది. పొదల్లో అరచేయంత పట్టు పెట్టుకునేవి చిన్న తేనెటీగలు. ఈ రెండు రకాలూ ఆరుబయట ఒకే పట్టు కట్టుకుంటాయి, పెట్టెలో పెడితే ఉండవు. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో, గోడ సందుల్లో చీకటిచోటు చూసుకుని వరసగా నాలుగైదు పట్లు కట్టుకునేది పుట్టతేనె ఈగ. అదే మన దేశవాళీ తేనెటీగ. అదీ, 1960లలో పంజాబ్‌లో నిలదొక్కుకుని అక్కణ్నుంచి దేశమంతా వ్యాపించిన ఐరోపా తేనెటీగా... ఈ రెండే పెట్టెల్లో పెరుగుతాయి.

తొర్రకి చుట్టూ జానెడు మందాన చెక్క ఉంటుంది. పైన చెట్టు నీడ. బెరడు వానను జార్చేస్తుంది. పెట్టె అలా కాదు. దాని గోడ మందం అంగుళం కూడా ఉండదు. దాని మీద ఎండా వానా నేరుగా పడతాయి. అంటే తొర్ర చేసే పనిని పెట్టె చేయాలంటే దానికి మనం బెరడు తొడగాలి. రంగో, నూనో, మైనమో... అదే ఆ బెరడు.

తడిస్తే పాడైపోయేది చెక్క ఒక్కటే అయితే ఇంత బెంగ అక్కర్లేదు. అసలు చిక్కు కొలతలతో! 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే చర్చి పాస్టర్ ఓ సంగతి గమనించాడు. ఈగలు తిరగడానికి సుమారు 9 మిల్లీమీటర్ల సందు వదిలితే వాటి జోలికి అవి రావు. అంతకన్నా ఇరుకైతే జిగురుతో పూడ్చేస్తాయి. వెడల్పైతే అడ్డదిడ్డంగా మైనం కట్టేస్తాయి. ఈ చిన్న సూత్రం మీదే చట్రాలను పైకి తీసి మళ్లీ పెట్టుకోగలిగే నేటి పెట్టె పుట్టింది. మన దేశవాళీ ఈగ ఐరోపా ఈగ కంటే చిన్నది. దాని ఒళ్లు కొలుచుకుని 20వ శతాబ్దం రెండో దశకంలో తమిళనాడులోని తిరుచిరాపల్లిలో ఫాదర్ న్యూటన్ చిన్న పెట్టెను తయారుచేశాడు. దక్షిణాదిలో ఇప్పటికీ దాన్ని న్యూటన్ పెట్టె అనే పిలుస్తారు.

మరి ఈ మిల్లీమీటర్ల లెక్క వానలో ఏమవుతుంది? చెక్క తడిస్తే పొడవునా పెద్దగా మారదు కానీ అడ్డంగా ఉబ్బుతుంది. 24 సెంటీమీటర్ల ఎత్తున్న పలక నూటికి రెండు వంతులు ఉబ్బినా దాదాపు అర సెంటీమీటరు పెరిగినట్టే. 9 మిల్లీమీటర్ల సందులో అర సెంటీమీటరు తేడా వస్తే ఇంకేముంది? చట్రాలు బిగుసుకుంటాయి. ఓ గది మీద ఇంకో గది సరిగా కూర్చోదు. వానాకాలం ఉబ్బి, ఎండాకాలం ఎండి, మళ్లీ ఉబ్బి... రెండు మూడేళ్లు ఇలా జరిగితే మూలల్లో మేకులు వదులై పెట్టె నోరు తెరుస్తుంది. కాబట్టి పెట్టెకు వేసే పూత అందానికి కాదు, కొలత చెడకుండా కాపాడటానికి.

పుట్టతేనె ఈగ అలిగితే...

ఐరోపా తేనెటీగలకి ఓ మంచి అలవాటుంది. చెట్ల మొగ్గల నుంచి, బెరడు నుంచి జిగురు సేకరించి తెచ్చి పెట్టెలో సందులన్నీ పూడ్చేసుకుంటాయి. వడ్రంగి వదిలేసిన పని అవి పూర్తి చేస్తాయన్నమాట. మన పుట్టతేనె ఈగలకి ఆ అలవాటు లేదు. జిగురు తేవు, సందులు పూడ్చవు. అంటే పలకల మధ్య ఎక్కడ సందు ఉంటే అక్కడ అలాగే ఉంటుంది. వాన జల్లు అందులోంచి లోపలికి వస్తుంది. చీమలొస్తాయి. మైనపు పురుగు రెక్కల చిలకలు ఆ సందుల్లో గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు మైనపు పట్లను తొలుచుకుంటూ, బూజులాంటి దారాలు అల్లుకుంటూ పోతాయి.

ఇంకో గుణం కూడా ఉంది. పుట్టతేనె ఈగకు ఇల్లు నచ్చకపోతే సర్దుకుపోవడం తెలీదు. తడి, వేడి, చీమలు, పురుగులు... ఏది శ్రుతి మించినా రాణితో సహా మొత్తం కుటుంబం లేచిపోతుంది. మళ్లీ కుటుంబాన్ని పట్టుకోవాలన్నా, కొనుక్కోవాలన్నా ఎంత కష్టమో పెంపకందారులకే తెలుసు. 1990ల తొలినాళ్లలో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు దక్షిణాదిలో దేశవాళీ తేనెటీగల్ని ఊడ్చిపెట్టేసింది. వేల పెట్టెలు ఖాళీ అయ్యాయి. చాలామంది పెంపకమే మానేశారు. అక్కణ్నుంచి మెల్లగా కోలుకున్న జాతి ఇది. దాన్ని ఓ కారే మూత కారణంగా పోగొట్టుకోవడం ఎంత నష్టం!

లోపల కూడా వాన కురుస్తుంది

పెట్టెకు రంగు అనగానే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. లోపలా బయటా రెండువైపులా నున్నగా పెయింటు వేయించేస్తారు. తడి నుంచి రెట్టింపు రక్షణ అనుకుంటారు. కానీ పెట్టెలోకి తడి వాన నుంచి మాత్రమే రాదు, లోపలే పుడుతుంది.

ఎలాగంటారా? పువ్వుల నుంచి ఈగలు తెచ్చే మకరందం నీళ్లనీళ్లగా ఉంటుంది. దాన్ని నోటితో తిప్పుతూ, రెక్కలతో విసురుతూ నీటిని ఆవిరి చేస్తే తేనె అవుతుంది. చక్కెర నూటికి 40 వంతులున్న మకరందం రెండు కిలోలు తెస్తే, నూటికి 20 వంతుల తేమ ఉన్న తేనె కిలో తయారవుతుంది. మిగతా కిలో... అంటే లీటరు నీళ్లు... ఆవిరై పెట్టెలోని గాలిలో కలుస్తుంది. పది కిలోల తేనె వచ్చిందంటే పది లీటర్ల నీటిని ఆ చిన్న గదిలోంచి ఈగలు బయటికి విసిరేశాయన్నమాట. దానికితోడు వేల ఈగల ఊపిరిలోని తేమ.

లోపలి గోడలు పచ్చి చెక్కగా ఉంటే ఆ తేమలో కొంత తాము పీల్చుకుని మెల్లగా వదిలేస్తాయి. అదే పెయింటు వేసి మూసేస్తే? చల్లని రాత్రి మూత కిందా గోడల మీదా నీటి బిందువులు పేరుకుని ఈగల మీదే కారతాయి. బూజు పడుతుంది. పైగా పెయింటు వాసన తేనెకీ మైనానికీ అంటే ప్రమాదమూ ఉంది. అందుకే ప్రపంచమంతా పాటించే నియమం ఒకటే: పూత బయటికే! లోపలి గోడలు, చట్రాలు, చట్రాలు ఆనే గాడి... వీటికి చుక్క రంగు కూడా తగలకూడదు. ఒక గది మీద ఇంకో గది కూర్చునే అంచులకూ పెయింటు వద్దు. వేస్తే ఎండకు మెత్తబడి రెండూ అంటుకుపోతాయి. మరీ అవసరమైతే ఆ అంచులకు కాస్త మైనం రుద్దితే చాలు.

ఏ చెక్క మంచిది?

మంచి పూతకి మంచి చెక్క తోడవ్వాలి. టేకు చేవ తీసుకుంటే దానిలోనే సహజమైన నూనె ఉంటుంది. చెదలు అంత తొందరగా ముట్టుకోవు. ఉబ్బడం, ముడుచుకోవడం కూడా తక్కువే. కాకపోతే ఖరీదూ, బరువూ ఎక్కువ. పెట్టెల్ని లారీలో వేసుకుని పూత వెంట ఊళ్లు తిరిగేవాళ్లకి బరువు పెద్ద సమస్య. మామిడి, రబ్బరు చెక్కలు చౌక. కానీ పురుగు తొందరగా పడుతుంది, తడికి త్వరగా పుచ్చిపోతాయి. అలాంటి చెక్కతో చేసిన పెట్టెకు పూత ఇంకా శ్రద్ధగా వేయాలి.

ఏ చెక్కైనా బాగా ఎండినదై ఉండాలి. పచ్చి చెక్కకు రంగు వేస్తే లోపలి తేమ బయటికి రాలేక పొరను బుడగలుగా లేపేస్తుంది. చెక్కలో తేమ నూటికి 20 వంతుల లోపు ఉంటే పుచ్చు పట్టించే శిలీంధ్రాలు బతకలేవు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మనం చేసే పనులన్నిటికీ అర్థం తెలుస్తుంది. తడవకుండా చూడటం, తడిసినా తొందరగా ఆరేలా చూడటం... అంతే.

పలకల కొసలు చూడండి. కోసిన చోట సన్నని గొట్టాల నోళ్లు కనిపిస్తాయి. చెట్టు బతికున్నప్పుడు నీళ్లు పారింది వాటిలోంచే. చచ్చిన చెక్కలో కూడా అవి స్ట్రాల్లా నీళ్లు పీలుస్తాయి. పలక ముఖం కన్నా కొసలు ఎన్నో రెట్లు ఎక్కువ తడి తాగుతాయి. పెట్టె ఎప్పుడూ మూలల్లోనే ముందు పుచ్చేది అందుకే. కాబట్టి మూలల అతుకులకు నీటికి కరగని జిగురు పూసి బిగించాలి. కొసలకు ఒకటికి రెండుసార్లు ఎక్కువ పూత పట్టించాలి. మేకులు, స్క్రూలు తుప్పు పట్టనివి వాడాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అయితే ఇది మరీ ముఖ్యం.

నూనె, పెయింటు, మైనం

బయటి పూతకు మూడు దారులున్నాయి.

మొదటిది అవిసె నూనె. పెయింటు దుకాణాల్లో 'డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్' పేరుతో దొరుకుతుంది. వంట నూనెల్లా ఇది జిడ్డుగా మిగిలిపోదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. చెక్కలోకి ఇంకి లోపలే పొర కడుతుంది. పెచ్చులూడే బెడద లేదు. ఆవిరికి దారి ఇస్తుంది. మొదటి పూతకు టర్పెంటైన్ సమానంగా కలిపి పలచన చేస్తే లోతుగా దిగుతుంది. తర్వాతి పూతలకు లీటరు నూనెకు 50 గ్రాముల తేనెమైనం కలుపుకుంటే నీళ్లు తామరాకు మీద బొట్టులా జారిపోతాయి. మైనం కరిగించేటప్పుడు గిన్నెను నేరుగా మంట మీద పెట్టొద్దు. వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి. నూనెకున్న లోపమల్లా ఏటా మళ్లీ పూయాల్సి రావడం. తేమ ఎక్కువుండే చోట నూనె మీద నల్లని బూజు మచ్చలూ వస్తుంటాయి.

ఇక్కడో హెచ్చరిక. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోయే దారిలేక గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది! వాటిని ఆరుబయట పరిచి ఆరేయాలి, లేదా నీళ్లలో ముంచి పారేయాలి.

రెండోది పెయింటు. ఇంటి బయటి గోడలకు వాడే నీటి ఆధారిత అక్రిలిక్ ఎమల్షన్ పెట్టెలకు బాగా నప్పుతుంది. వాసన తక్కువ, తొందరగా ఆరుతుంది. ఎండకు సాగుతూ ముడుచుకుంటూ చెక్కతోపాటు కదులుతుంది. నూనె ఎనామిల్ మెరుపు బాగుంటుంది కానీ గట్టి పొర కడుతుంది. చెక్క ఉబ్బినప్పుడు ఆ పొర చిట్లితే నీళ్లు వెనక్కి చేరి బయటికి రాలేవు. పైకి నిగనిగలాడుతూనే లోపల పుచ్చిపోతుంది. ఏ పెయింటు కొన్నా డబ్బా మీద సీసం పరిమితి చూసుకోండి. 2017 నవంబరు నుంచి మన దేశంలో ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం పది లక్షల్లో 90 వంతులు మించకూడదన్న నిబంధన అమల్లో ఉంది. షెడ్డులో మూలపడి ఉన్న పాత డబ్బా ఎందుకైనా మంచిది, పక్కన పెట్టేయండి.

మూడోది వేడి మైనంలో ముంచడం. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో పెద్ద పెంపకందారులు చేసే పద్ధతి ఇది. పారఫిన్ మైనంలో పైన్ చెట్టు నుంచి వచ్చే రోజిన్ బంక కలిపి 150, 160 డిగ్రీల సెల్సియస్ దాకా కాచి, పెట్టెను పది నిమిషాలు అందులో ముంచుతారు. చెక్కలోని తేమ బుడగలుగా బయటికి పోయి ఆ చోట్లోకి మైనం దిగుతుంది. జబ్బు క్రిములు కూడా చస్తాయి. బాగుంది కదా అని పొయ్యి వెలిగించకండి. ఆ వేడి దగ్గర మైనం భగ్గుమంటే ఆర్పడం కష్టం. నీళ్లు పోస్తే ఇంకా ఎగుస్తుంది. సరైన తొట్టె, అనుభవం, జాగ్రత్తలు ఉన్నచోటే చేయాల్సిన పని. ఇంటి పెరట్లో పనికిరాదు.

పది పెట్టెల లోపున్న కుటుంబానికి మొదటి రెండిటిలో ఏదైనా చాలు. నూనె అయితే ఏటా ఓసారి చేతిపని. పెయింటు అయితే ఓసారి శ్రమపడితే కొన్నేళ్ల నిశ్చింత. రెండూ ఒకదాని మీద ఒకటి వేయాలనుకుంటే మాత్రం నూనె పూర్తిగా గట్టిపడేదాకా ఆగాలి. లేదంటే పెయింటు పట్టదు.

కుంచె పట్టేముందు...

ఎండలు ముదరకముందు, గాలిలో తేమ తక్కువున్న రోజులు చూసుకోండి. సంక్రాంతి వెళ్లాక అనువైన సమయం. మొదట పెట్టెను గరుకు కాగితంతో రుద్ది దుమ్ము తుడవాలి. మేకు గుంతలు, చీలికలు ఉంటే లప్పంతో పూడ్చి ఆరనివ్వాలి. అంచులకు, లోపలికి రంగు అంటకుండా కాగితపు టేపు అతికించుకుంటే పని శుభ్రంగా ఉంటుంది. తర్వాత చెక్కకు వాడే ప్రైమరు ఓ పూత. అది ఆరాక ఎమల్షన్ రెండు పూతలు. ఒక్కసారే చిక్కగా రాసేయడం కన్నా పలచగా రెండుసార్లు వేయడం మేలు. ఒక పూత పూర్తిగా ఆరాకే ఇంకో పూత.

నూనె అయితే ఇంకా తేలిక. ధారాళంగా పూసి, ఇరవై నిమిషాలాగి, చెక్క తాగగా మిగిలింది గుడ్డతో తుడిచేయాలి. తుడవకపోతే జిగటగా మిగిలిపోతుంది. నాలుగైదు రోజులు ఆరనిచ్చి రెండో పూత. చెక్క ఇక తాగడం మానేసిందనిపిస్తే ఆపేయండి.

పని అయిపోయిందని ఆ సాయంత్రమే ఈగల్ని దించకూడదు. రెండు మూడు వారాలు నీడలో గాలి తగిలేలా పెట్టాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన రాకూడదు. మన ముక్కుకే వాసన తగిలితే, పువ్వు వాసనను అంత దూరం నుంచి పసిగట్టే ఈగకు ఎలా ఉంటుందో ఊహించండి! ఈగలున్న పెట్టెకు మాత్రం రంగు వేయనేకూడదు. ఓ పెట్టె అదనంగా ఉంచుకుని దానికి పూత వేసి ఆరాక, ఈగలున్న చట్రాలను అందులోకి మార్చి, ఖాళీ అయిన దానికి పూత వేయాలి. అలా ఒకదాని తర్వాత ఒకటి తిప్పుకుంటూ పోతే తోటలో పెట్టెలన్నీ కొత్తవవుతాయి.

వాటి కంటికి ఎర్రరంగు నలుపే!

ఏ రంగు వేయాలి? తెలుపు, లేత పసుపు, లేత నీలం, లేత ఆకుపచ్చ... లేత రంగేదైనా సరే. పట్లలో పిల్లలు పెరిగేచోట ఈగలు 34, 35 డిగ్రీల వేడి ఉండేలా చూసుకుంటాయి. రెంటచింతల ఎండల్లాంటి ఎండలో ముదురు రంగు పెట్టె పెడితే లోపలి వేడి తగ్గించడానికే వాటి బలమంతా ఖర్చవుతుంది. నీళ్లు మోసుకొచ్చి, రెక్కలతో విసిరి చల్లబరుచుకోవాలి. ఆ పని మీదున్న ఈగ మకరందానికి వెళ్లదు. ఇంకా వేడెక్కితే మైనం మెత్తబడి తేనెతో నిండిన పట్లు తెగి పడిపోతాయి.

తేనెటీగలకి రంగులు తెలుస్తాయని ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1910లలో చేసిన ప్రయోగాలతో రుజువు చేశారు. రంగు అట్ట మీద చక్కెర నీళ్లు పెట్టి అలవాటు చేస్తే, ఈగలు ఖాళీ అట్టలున్నా ఆ రంగు దగ్గరికే వచ్చేవి. వాటికి నీలం, పసుపు, మనకు కనిపించని అతినీల లోహిత కాంతి తెలుస్తాయి. ఎరుపు మాత్రం నల్లగా కనిపిస్తుంది. తేనెటీగల మీద చేసిన పరిశోధనలకే ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి పంచింది. దీన్నుంచి పెంపకందారుకు ఓ ఉపయోగం ఉంది. పక్కపక్కనే పెట్టెలుంటే ఒక్కోదానికి ఒక్కో లేత రంగు వేస్తే ఈగలు ఇల్లు తప్పిపోవు. రంగులు మార్చలేకపోతే ద్వారం పైన ఓ గుండ్రం, ఓ త్రిభుజం గీసినా చాలు.

ఈ ఉపాయాన్ని కళగా మార్చినవాళ్లు స్లొవేనియా పల్లెవాసులు. 18వ శతాబ్దం నుంచి వాళ్లు పెట్టె ముందు పలకల మీద బొమ్మలు వేయించేవారు. దేవుళ్లు, పల్లె వేడుకలు, వేటగాడిని జంతువులే ఊరేగిస్తున్న వెటకారపు చిత్రాలు... అవిసె నూనెలో కలిపిన రంగులు కావడంతో ఎండకూ వానకూ తట్టుకుని కొన్ని పలకలు నేటికీ నిలిచాయి. రాడోవ్లిత్సా పట్టణంలోని తేనెటీగల మ్యూజియంలో వాటిని చూడొచ్చు. ఆ దేశంలో పుట్టిన ఆంటోన్ యాన్షా బొమ్మలు వేయడం నేర్చుకోవడానికి వియన్నా వెళ్లి, చివరికి అక్కడే తేనెటీగల పెంపకానికి గురువయ్యాడు. ఆయన జన్మించిన మే 20వ తేదీనే ఐక్యరాజ్య సమితి 2018 నుంచి ప్రపంచ తేనెటీగల దినోత్సవంగా జరుపుతోంది.

వీటి జోలికి వెళ్లొద్దు

గుమ్మాలకీ, వాసాలకీ చెద పట్టకుండా వాడే మందులన్నీ పురుగుల్ని చంపేవే. తేనెటీగా ఓ పురుగే! కాబట్టి చెదల మందు, తారు నుంచి తీసే క్రియోసోట్ నూనె, ఆర్సెనిక్ కలిసిన మందులో ఊరబెట్టిన చెక్క... ఏవీ పెట్టె దగ్గరికి రాకూడదు. చౌకగా వస్తుందని ఇంజిన్లోంచి తీసిన నల్ల నూనె పూసేవాళ్లున్నారు. అందులోని విషపు లోహాలు తేనెలోకి, మైనంలోకి చేరే ప్రమాదం ఉంది. పురుగు పట్టదని హామీ ఇచ్చే కొన్ని రకాల ప్లైవుడ్‌లో జిగురులోనే పురుగుమందు కలుపుతారు. కొనేముందు అడిగి తెలుసుకోవాలి. 'వేపనూనె సహజమైనదే కదా' అనుకోవడమూ పొరపాటే. పురుగుల ఎదుగుదలను ఆపే గుణం వల్లే దాన్ని పంటల మీద చల్లుతారు. లోపల పెరిగే ఈగ పిల్లలూ పురుగు దశలో ఉన్నవే.

పూత ఒక్కటే చాలదు

ఎంత మంచి రంగు వేసినా పెట్టెను నేల మీద పెడితే అడుగు పలక పుచ్చిపోవడం ఖాయం. నాలుగు కాళ్ల స్టాండు మీద మోకాలెత్తున పెట్టాలి. కాళ్ల కింద నీళ్లు పోసిన గిన్నెలుంచితే చీమలూ చెదలూ ఎక్కవు. ఆ నీళ్లలో దోమలు పెరగకుండా వారానికోసారి మార్చాలి. పెట్టెను ద్వారం వైపుకి ఓ వేలి మందం వాలుగా పెడితే లోపలికి వచ్చిన నీళ్లు వాటంతటవే బయటికి జారిపోతాయి.

మూత మీద రేకు తొడిగి, అంచులు నాలుగువైపులా గోడల కన్నా బయటికి వచ్చేలా వంచితే పెట్టెకు అదే గొడుగు. రేకు ఎండకు కాలిపోతుంది కాబట్టి దానికీ తెల్లరంగు వేయాలి. మధ్యాహ్నం నీడపడే చోటు చూసుకుంటే రంగు మీద ఎండ భారమూ తగ్గుతుంది. ఇక వానాకాలంలో గోనెసంచులు, ప్లాస్టిక్ పట్టాలతో పెట్టెను చుట్టేస్తుంటారు కొందరు. బయటి వాన ఆగుతుందేమో కానీ లోపలి ఆవిరి ఇరుక్కుపోతుంది. కప్పాలనుకుంటే పైన పందిరిలా కప్పండి, దుప్పటిలా చుట్టొద్దు.

ఏడాదికోసారి పరీక్ష

పెట్టెకు మళ్లీ పూత అవసరమో కాదో తెలుసుకోవడం చాలా సులభం. పక్క గోడ మీద కాసిని నీళ్లు చిలకరించండి. బొట్లు బొట్లుగా జారిపోతే పూత బాగున్నట్టు. చెక్క నల్లబడి నీళ్లు పీల్చుకుంటే కుంచె తీయాల్సిందే. మూలల్ని మేకు మొనతో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే పుచ్చు మొదలైనట్టు. దాని మీద రంగు వేయడం పుండు మీద పౌడరు రాయడమే. ఆ ముక్క తీసేసి కొత్తది వేయించాలి.

వేరేవాళ్ల దగ్గర పాత పెట్టెలు కొంటే లోపలి మైనం, మురికి అంతా గీకేసి, చాకలి సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, నాలుగైదు రోజులు మండుటెండలో ఆరబెట్టాలి. అప్పుడే బయట రంగు, లోపల ఈగలు.

గుర్తుంచుకోవాల్సిన మాటలు

*ఎండిన చెక్కకే పూత.
*రంగు బయటికే, లోపల పచ్చి చెక్కే.
*మూలలకూ కొసలకూ ఒక పూత ఎక్కువ.
*లేత రంగులే మంచివి.
*వాసన పూర్తిగా పోయాకే ఈగలు.
*స్టాండు, వాలు, రేకు మూత... ఈ మూడూ లేకుండా ఏ పెయింటూ కాపాడలేదు.

తేనెటీగ తన జీవితమంతా కష్టపడితే కూడబెట్టేది చెంచాలో చిన్న వంతు తేనె. ఆ కష్టాన్ని మనం తీసుకుంటున్నాం. బదులుగా అది మనల్ని అడిగేది పొడిగా ఉండే ఓ చిన్న ఇల్లు. ఓ డబ్బా రంగు, ఓ ఆదివారం పూట... అంతకన్నా తక్కువ అద్దెకు అంత తియ్యని కాపురం ఇంకెక్కడ దొరుకుతుంది?